చీకట్లో చార్జింగ్

చల్లగా ఉంటుందని డ్రైవరు పగలంతా వ్యాన్‌ను చెట్ల నీడన ఆపాడు. పైకప్పు మీది సోలార్ ప్యానెళ్ళకూ ఆ నీడే దక్కింది. అతని తెలివి అంతవరకే.

"బండి చల్లబడితే చాలు మహానుభావుడికి. రాత్రికి నా మిషను మీ కబుర్లతో తిరుగుతుందా?" అంది భార్య, వ్యాన్‌లోనే పక్క సర్దుకుంటూ.

"తిరుగుతుందిలేవే, పడుకో. నీ సాధింపులో సగం కరెంటున్నా తెల్లారిపోతుంది."

నిద్రలో ఆమె ఊపిరి ఆగిపోకుండా గాలి పంపే మిషను అది. అర్ధరాత్రి దాటాక కీచుమంది. బ్యాటరీ అడుగంటింది. ఇంజన్ తిప్పి చూశాడు, స్టార్ట్ కాలేదు. భార్యను ఎంత కుదిపినా కళ్ళు తెరవలేదు.

అప్పుడు చార్జింగ్ మీటరు ముల్లు లేచింది. ప్యానెళ్ళ నుంచి కరెంటు వస్తోంది.

అద్దంలోంచి చూశాడు. వెన్నెల లేదు, ఎక్కడా దీపం లేదు. పైకప్పు మాత్రం ఎవరో పక్క మీద ఒత్తిగిలినట్టు కిర్రుమంది. తర్వాత వెనక నిచ్చెన మెట్లు ఒక్కొక్కటే మూలిగాయి. ముల్లు పడిపోయింది.

తలుపు మీద మెల్లగా, మర్యాదగా తట్టిన చప్పుడు.

"ఎవరది?"

గొళ్ళెం వైపు చెయ్యి చాచాడు. ముల్లు లేచింది. అది చూసి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ముల్లు పడిపోయి మిషను ఆగింది. భార్య ఛాతీ కదలడం మానేసింది.

గబుక్కున గొళ్ళెం పట్టుకున్నాడు. మిషను తిరిగింది, ఆమె ఊపిరి పీల్చింది.

తెల్లవారడానికింకా చాలా సేపుంది. బయట మళ్ళీ తట్టిన చప్పుడు, ఈసారి కాస్త విసుగ్గా. పట్టుకున్నంత మాత్రాన చాలదన్నట్టు, ముల్లు మెల్లగా కిందికి జారసాగింది.