బంధుత్వం

"డేటు దాటి పది రోజులైంది. బిడ్డ తల ఇంకా కిందికి దిగలేదు," అంది డాక్టరు. "నొప్పులు రావడానికి మందు పెట్టి సాయంత్రం దాకా చూద్దామా, ఇప్పుడే ఆపరేషన్ చేసేద్దామా? మీరే చెప్పండి."

"ఆపరేషన్," అన్నాను నేను.

మంచం మీద తను నవ్వింది. "కడుపు నాదా, నీదా? ఇదేదో మొండిఘటం, బతిమాలితే గానీ దిగేలా లేదు. ఎవరి పోలికో! మందే పెట్టండి డాక్టర్ గారూ, చూద్దాం."

చూద్దాం. ఆ మాట చెవుల్లో మోగుతుండగానే నర్సు ఇచ్చిన కాగితం మీద సంతకం పెట్టి, కింద గడులు నింపి ఇచ్చేశాను.

నర్సు కళ్ళజోడు సర్దుకుని చదివింది. "ఇదేంటండీ, బంధుత్వం దగ్గర భర్త అని రాశారు?"

తను కాగితం లాక్కుని చూసింది. ఈసారి నవ్వలేదు. నా అక్షరాల మీద వేలు పెట్టింది.

ఇరవై ఎనిమిదేళ్ళ కిందట, వాళ్ళమ్మ కాన్పప్పుడు, ఇలాంటి కాగితం మీదే సంతకం పెట్టి, "చూద్దాం" అన్నది నేను. ఆ సాయంత్రం వాళ్ళు నా చేతికి ఇచ్చింది తనొక్కదాన్నే.

ఈ గడి నింపాల్సిన అల్లుడు ఇంకా దారిలోనే ఉన్నాడు. తను నా రాత కొట్టేసి, పైన తండ్రి అని రాసింది.

"చూద్దాం అన్నాను గానీ వద్దు డాక్టర్ గారూ, ఆపరేషనే చేసేయండి. నాన్నని సాయంత్రం దాకా బయట నిలబెట్టలేను."