చుక్కలు పెట్టని మాట

“చుక్కలు కుదరవు బాయీ. తిట్టిన మాట ఉన్నదున్నట్టు కాగితం మీదికి ఎక్కాల్సిందే,” అన్నాడు మేజిస్ట్రేటు నింబాళ్కర్.

సాంగ్లీ కోర్టు స్టెనో పటవర్ధన్ బాయి టైపు మిషను మీంచి చేతులు తీసేసింది. “నా సర్వీసు మొత్తంలో ఒక్క బూతు ముక్క కొట్టలేదు సాహెబ్. ఎంతటి తిట్టయినా చుక్కలే పెట్టాను. కోర్టు కాగితం దేవుడి గదిలాంటిది. అందులో చెత్త పోయను.”

“పై కోర్టు వాళ్లు చుక్కల్ని చదవలేరు కదా! మాట లేకపోతే కేసు లేదు. కొట్టేస్తాను.”

సాక్షి బోనులో ఉన్న ముసలమ్మ గోదూ ఆజీ గుండెలు బాదుకుంది. మేడ మీద అప్పడాలు ఆరేసుకున్న పాపానికి, కింది వాటా మారుతి జాధవ్ మెట్ల దగ్గర నిలదీసి పచ్చి బూతు తిట్టాడని ఆమె ఫిర్యాదు.

“ఏమన్నాడో చెప్పు ఆజీ,” అన్నాడు మేజిస్ట్రేటు.

“రామ రామ! తులసిమాల వేసుకున్నదాన్ని. ఆ మాట నా నోట ఎలా వస్తుంది బాబూ?”

“నేనేమీ అనలేదు సాహెబ్!” అని మారుతి గావుకేక పెట్టాడు. ఆ కేకకీ, ఆ బుర్రమీసాలకీ, ఆ అమాయకత్వానికీ పొంతన కుదరక కోర్టంతా గొల్లుమంది.

బాయి కుర్చీలోంచి లేచింది. మర్యాదస్తురాలైనందుకు ముసలావిడ ఓడిపోవడమా? చరచరా వెళ్లి ఆజీ చెవిలో నోరు పెట్టింది. “నేను వరసగా చెబుతాను. అదే అయితే తలూపు.”

“అభ్యంతరం!” అని మారుతి వకీలు లేచాడు.

“అయితే మీరే వెళ్లి ఆవిణ్ణి అడగండి,” అన్నాడు మేజిస్ట్రేటు. వకీలు కూర్చున్నాడు.

ఇన్నేళ్లుగా చుక్కల కింద పాతిపెట్టిన తిట్లన్నీ బాయికి కంఠతా వచ్చు. గాడిదతో మొదలుపెట్టింది. ఆజీ తల అడ్డంగా ఊగింది. కుక్క, పంది దాటి తాతముత్తాతల దాకా వెళ్లింది. ఊహూఁ. బాయి చెవులు ఎర్రబడ్డాయి, ఆజీ కళ్లు విచ్చుకున్నాయి. మిరజ్ సంతలో ఎడ్ల బేరగాళ్ల కొట్లాట కేసులో విన్నది ఒకటి మిగిలింది. తెగించి అదీ అనేసింది. ఆజీ ఒళ్లంతా ఊగేలా తలూపింది.

బాయి కళ్లు మూసుకుని దాన్ని అక్షరం పొల్లు పోకుండా కొట్టింది. అది చదివి మేజిస్ట్రేటు గటగటా మంచినీళ్లు తాగాడు. మారుతికి కోర్టులోనే చీవాట్లు పడ్డాయి. ఆజీకి చేతులు జోడించి, మేడ జోలికి రానని ఒప్పుకుని బయటపడ్డాడు.

వరండాలో ఆజీ బాయి బుగ్గలు పుణికింది. బాయికి గాల్లో తేలినట్టుంది. నియమం పోతే పోయింది, న్యాయం నిలబడింది.

“ఇక మేడంతా నా అప్పడాలదే. నీ పుణ్యమే తల్లీ!”

“అది సరే ఆజీ, అంత పాడు మాట నీ మొహం మీద అనడానికి వాడికి నోరెలా వచ్చింది?”

ఆజీ అటూ ఇటూ చూసి, ఆమె చెవిలో నోరు పెట్టింది.

“వాడేమీ అనలేదే, పిచ్చితల్లీ.”