నాలుగు కర్రల మధ్య పత్తి

“దొంగ లెక్కలు రాసిన ఈ అమ్మాయిని ఇక్కడే సస్పెండ్ చేయండి సార్!”

సాంబయ్య కేకకు చేలో ఉన్న నలభై మంది రైతులూ వంత పాడారు. నందిగామ నుంచి విచారణకు వచ్చిన ఆఫీసర్ వరప్రసాదరావు జేబులోంచి పెన్ను తీశాడు. ఉత్తర్వు అప్పటికే టైపయి ఉంది. సంతకమే తరువాయి.

పంట దిగుబడి లెక్కలు రాసే ఇర్ఫానా ముఖం తుడుచుకుంది. “గ్రాము కూడా తప్పు రాయలేదు సార్. మూడో తీత ఇవాళే. మీ ముందే తూస్తా.”

“తూచేదేంటి? వానల్లేక మా పత్తి మోకాలు దాటలేదు. ఈవిడ బ్రహ్మాండంగా పండిందని రాసింది. బీమా గోవిందా!”

లాటరీలో తగిలింది దుర్గాంబ చేను. పంట మొదట్లోనే అందులో అయిదు మీటర్ల చదరం కొలిచి, నాలుగు మూలలా కర్రలు పాతారు. దాని లోపల పండిన పత్తిని బట్టే ఊరు మొత్తానికీ దిగుబడి కడతారు.

పత్తి తీసి కాటా మీద పెట్టారు. వరప్రసాదరావు కళ్లజోడు తుడుచుకుని రెండుసార్లు చూశాడు. ఇర్ఫానా లెక్క నిజమే. కర్రల బయట మొక్కలు మోకాలెత్తు. లోపల గుండెలెత్తు!

“ఇంత తేడా ఉంటే నీకు కనపడలేదా?”

“నా డ్యూటీ కర్రల లోపలే సార్. ఎవడో నీళ్లు పోశాడు. వాడి పేరు తెలిస్తే కేసు పెట్టిస్తా!”

“పెట్టించాల్సిందే! సాక్షిని నేనుంటా,” అని సాంబయ్య క్షణంలో ప్లేటు ఫిరాయించాడు.

“జరగండయ్యా, మొక్కలు తొక్కుతున్నారు!”

చంకలో బిందెతో దుర్గాంబ జనాన్ని తోసుకుంటూ వచ్చి, చదరంలో నీళ్లు వంచింది.

“పిన్నీ! నువ్వా?” అన్నాడు సాంబయ్య.

“నేనేరా. రోజూ పాతిక బిందెలు. నడుం పోయింది. ఈ కర్రల మధ్య ఎంత పండితే ఊరంతా అంత పండినట్టేనంటగా? మీ చేలన్నీ పండాలనే పోస్తున్నా!”

నలభై మందీ తలలు పట్టుకున్నారు.

“ఆ మాట నీకెవరు చెప్పారమ్మా?” అన్నాడు వరప్రసాదరావు, పెన్ను మూత తీస్తూ.

“అలా అడగండి సార్!” అంది ఇర్ఫానా. “భయపడకు మామ్మా. అందరికీ వినపడేలా చెప్పు.”

దుర్గాంబ ఆమెను వింతగా చూసింది.

“నువ్వే కదా ఇర్ఫానమ్మా!”