పక్క కుర్చీ

భార్య ఊరవతలి ఆఫీసులో రాత్రి డ్యూటీ చేసినన్నాళ్లూ అతను ఇక్కడి సర్వర్ గదిలోంచి ఆమె కంప్యూటర్‌కి పింగ్ కొట్టేవాడు. “ఉన్నావా?” అని అడగడం లాంటిదది. జవాబొస్తే ఆమె ఉన్నట్టే. ఆమె చనిపోయాక కూడా ఆ అలవాటు మానలేదు. జవాబు మాత్రం ఎప్పుడూ రాలేదు.

ఈ రాత్రి వచ్చింది.

అక్కడే పనిచేసే బావమరిదికి ఫోన్ చేశాడు.

“అక్క కంప్యూటర్ ఎప్పుడో తీసేశాం కదా బావా! ఆ కేబుల్ ఇదిగో, నా చేతిలోనే ఉంది. నువ్వింటికెళ్లి పడుకో.”

జవాబులు ఆగలేదు. దూరం తగ్గేకొద్దీ జవాబు తొందరగా వస్తుంది. ఒక్కొక్కటీ ముందుదానికన్నా తొందరగా వస్తోంది. ఇప్పుడైతే అడిగీ అడగకముందే.

అతను వెనక్కి తిరగలేదు. పక్క కుర్చీలోని బ్యాగు తీసి కింద పెట్టాడు.

“ఇంత ఆలస్యమైందేంటే?”