యూజర్ పేరు

"కంప్యూటరు ఒక్కటే కదమ్మా. లోపల పెట్టే రెండో విండోస్‌కి మళ్ళీ లైసెన్సెందుకు?" అన్నాడు మేనేజరు.

"వర్చువల్ మెషీనంటే లోపల ఇంకో కంప్యూటరు ఉన్నట్టే సార్. దానికీ విడిగా కొనాల్సిందే."

ఇక్కడ ఉద్యోగం చేసినప్పుడూ ఆమె ఇదే చెప్పింది. ఆయన వినకుండా దొంగ లైసెన్స్ కీ వేశాడు, అదీ యూజర్‌గా ఆమె పేరు కొట్టి. తనిఖీలో దొరకగానే ఆ పేరే చూపించి ఆమెను గెంటించాడు. ఇప్పుడు పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొత్త విండోస్‌లో మొరాయిస్తే, గతిలేక ఆమెనే పిలిపించాడు. ఆమె కాచుక్కూర్చున్నది ఈ పిలుపు కోసమే.

ఆయన చీటీ అందించాడు. "ఇదీ కీ. ఎక్కడిదని అడక్కు."

ఆమె అడగలేదు. యూజర్ పేరు రాయాల్సిన చోట ఆయన పేరు ఇంటిపేరుతో సహా కొట్టింది.

"నా పేరెందుకు? తీసెయ్."

"మీరే తీసి నా పేరు పెట్టండి సార్," అంటూ కీబోర్డు ఆయన వైపు జరిపింది. "మీకు అలవాటైన పనేగా."