చుక్కతో మొదలయ్యే ఫైలు

"మెయిల్ సెట్టింగుల ఫైలే లేదు సార్!" అంది అరుణశ్రీ.

"ఎందుకుండదు? పేరు ముందు చుక్క పెట్టావా?"

పెట్టలేదు. చుక్కతో మొదలయ్యే ఫైలు మామూలుగా వెతికితే కనపడదని బాపిరాజు సార్ మొదటి వారంలోనే చెప్పాడు. పాఠాలన్నీ వచ్చిన పిల్లే, భయానికి అన్నీ మరిచిపోయింది. చుక్క పెట్టి మళ్ళీ కొట్టింది. నల్ల తెర మీద అక్షరాలు బారులు తీరాయి.

టైము నాలుగూ నలభై. కరెంటు పోయి పది నిమిషాలైంది. ఇన్వర్టరు ఇంకో ఇరవై నిమిషాలు లాగితే గొప్ప.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై మూడు వారాలు. బస్సుల్లేక ఎల్బీనగర్ హాస్టల్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటరు దాకా నడిచే వచ్చింది. మాదాపూర్‌లో ఒక కంపెనీకి సర్వర్లు చూసుకునే మనిషి కావాలట. దరఖాస్తే పరీక్ష. మౌసూ బొమ్మలూ లేని ఈ మెయిల్ ప్రోగ్రాంని ఎవరికి వారే సెట్ చేసుకుని, దాంట్లోంచే పంపాలి. ఇవాళ ఐదింటితో ఆఖరు. ఒక్కో కోచింగ్ సెంటరు నుంచి మొదట అందిన ఒక్క దరఖాస్తునే చూస్తారు. ఈ వివరాలున్న కాగితం గోడకి అంటించింది బాపిరాజే.

నాలుగు రోజులుగా చచ్చిపడున్న నెట్, ఆమె మెట్లెక్కి వచ్చిన నిమిషంలోనే వచ్చింది. ఈ నెలాఖరుకి సెంటరు మూత. ఓనరు కంప్యూటర్లన్నీ అమ్మేయగా మిగిలింది ఇదొక్కటే. దాని ముందు కూర్చున్న సార్ ఆమెను చూసి, గోడ మీది కాగితం చూసి, లేవడానికి చాలాసేపే తీసుకున్నాడు. ఆ ఆలస్యం ఆమెకు ముల్లులా గుచ్చుకుంది.

'గా భీమవరం సారు నీకు నౌకరీ రానిస్తడా, పిచ్చిదానా?' అని హాస్టల్లో రమ్య పొద్దున్నే అంది.

ఫోను మోగింది. నాయిన వెంకటనర్సయ్య.

"ఏమాయె బిడ్డా?"

"ఇంక పంపలే నాయినా."

"రేపు పొద్దుగాల బండి మీదొస్త. బట్టలు సదురుకో. ఆసు మీద దారం పోసి పోసి మీ అమ్మకు చెయ్యి లేస్తలేదు. మగ్గం కాడికి మనిషి కావాలె."

"ఇయ్యాల ఒక్కరోజు సూడు నాయినా..."

లైను కట్టయింది. రేపటి నుంచి ఆసు ముందు కూర్చుంటే ఇక లేచేది లేదని ఆమెకు తెలుసు. కళ్ళలో నీళ్ళు తిరిగి తెర మసకబారింది.

"ఏడుపు ఐదు తర్వాత," అన్నాడు బాపిరాజు, బిస్కెట్టు టీలో ముంచుతూ. మధ్యాహ్నం నుంచి ఆయన తిన్నది అదే. "పేరు వరస చూడు."

"మీ పేరున్నది సార్."

"నేను వాడే కంప్యూటర్లో నా పేరుండక ఎవరిదుంటుంది? చెరిపెయ్."

"మల్ల మీకెట్ల?"

"తర్వాత పెట్టుకుంటాలే. చెరుపు."

ఒక్కో అక్షరం చెరిపి తన పేరు కొట్టింది. ప్రోగ్రాం నడిపితే నాలుగో వరసలో తప్పుందని తిరగబడింది.

"సార్, ఏంది తప్పు?"

"నువ్వే చూడు."

"టైం లేదు సార్! మీరే కొట్టున్రి!"

"నేను కొడితే అది నా ఉద్యోగం అవుతుంది. చూడు."

కావాలనే చేస్తున్నాడు. రమ్య చెప్పింది నిజమే. పళ్ళు బిగబట్టి ఒక్కో అక్షరం వెతికింది. మూయని కొటేషన్ గుర్తు దొరికింది. మూసింది.

"సంతకంలో ఊరి పేరేదీ?"

"ఊరెందుకు సార్?"

"ఎందుకేంటమ్మా? పోచంపల్లి అని రాయి. సిగ్గేంటి?"

కింద ఊరేగింపు వెళ్తోంది. డప్పుల మోతకి కిటికీ అద్దాలు అదిరాయి. బాపిరాజు తొంగి చూసి వచ్చాడు.

"సమ్మె మీదో మాదో కరెంటుకేం తెలుసు? ఇద్దరికీ కలిపే పీకుతోంది," అన్నాడు. ఆమెకు నవ్వు రాలేదు.

కొత్త ఉత్తరానికి 'ఎమ్' నొక్కింది. రాసి పక్కన పెట్టిన ఉత్తరం ఒకటుంది, తెరవాలా అని అడిగింది తెర.

"వద్దు! ఎన్ నొక్కు!" సార్ గొంతు మొదటిసారి పెరిగింది.

"ఎవలిది సార్?"

"పాతది. ఇక పనికిరాదు."

ఎన్ నొక్కింది. చిరునామా, విషయం, దరఖాస్తు కొట్టింది. ఇన్వర్టరు కీచుమంటోంది. నాలుగూ యాభై ఏడు. పంపడానికి 'వై' నొక్కింది. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత తెర అడుగున చిన్న వరస: ఉత్తరం వెళ్ళింది.

అరుణశ్రీ కుర్చీలో కూలబడింది. బాపిరాజు ఖాళీ గ్లాసు వంక చూస్తూ నిలబడ్డాడు.

"సెంటరు మూస్తే మీరెటు పోతరు సార్?"

"నాకేం? ఎక్కడో ఒకచోట." చెప్పుల్లో కాళ్ళు దూర్చాడు. "ఎల్బీనగర్ వైపు బండేదైనా దొరుకుతుందేమో చూసొస్తా. నడిచి పోకు."

ఆయన మెట్లు దిగిన చప్పుడు వింటుంటే ఆమెకు తన మీద తనకే సిగ్గేసింది. ఎంత మాటనుకుంది! క్షమించమని నోటితో చెప్పడం ఎలాగూ రాదు. రాసిపెడితే చదువుకుంటాడు. మళ్ళీ 'ఎమ్' నొక్కింది. తెర మళ్ళీ అదే ప్రశ్న వేసింది. తొందరలో ఎంటర్ కొట్టేసింది. జవాబివ్వకుండా ఎంటర్ కొడితే ఔననే అర్థం.

పాత ఉత్తరం తెరుచుకుంది. పైన అదే మాదాపూర్ చిరునామా. విషయం, ఉద్యోగానికి దరఖాస్తు. రాసింది మొన్న, నెట్ లేని రోజున.

కింద సంతకం బాపిరాజుది.