ఆరు సీట్ల బండి

“ఏడు సీట్లది వద్దండీ. ఆరు సీట్లదే చూపించండి,” అంది మరదలు.

పాత బండ్ల వ్యాపారి తలుపు జరపబోతున్నవాడల్లా ఆగిపోయాడు. “ఇంట్లో ఎంతమందమ్మా?”

“పిల్లలు నలుగురండీ,” అంది ఆమె, మిగతా లెక్క చెప్పకుండా.

ఆ మిగతా లెక్క కత్తెరత్త చప్పున వేసేసుకుంది. నలుగురు పిల్లలు, తమ్ముడు, మరదలు. ఆరు. ఏడో మనిషి తనే.

దర్జీ పని చేస్తుంది కాబట్టి ఆవిడ కత్తెరత్త. కుట్టేది బట్టల్ని, కత్తిరించేది మనుషుల్ని అని తమ్ముడి వేళాకోళం. అమ్మా నాన్నా పోయాక ఆ తమ్ముణ్ని మిషన్ తొక్కి పెంచింది. పెళ్లి ఊసెత్తినవాళ్ల నోళ్లు మూయించింది. ఇప్పుడు వాడు లిఫ్టు మెకానిక్కు. ఎక్కడికెళ్లినా పాత కారులో వాళ్లంతా ఇరుక్కుని కూర్చుంటే, ఆవిడ వెనకాల బస్సులో వచ్చేది. పెద్ద బండి కొందామని మరదలే అన్నరోజు, ఇక బస్సు బాధ తప్పిందని లోలోపల చంకలు గుద్దుకుంది.

“ఈ ఏడు సీట్లదాంట్లో వెనక బెంచీ ఉందమ్మా. ముగ్గురు హాయిగా పడతారు,” వ్యాపారి ఇంకా ఊరిస్తున్నాడు.

“బెంచీ అడ్డమండీ. మా బుడ్డోడికి ప్రయాణమంటే వాంతులు. మూలనున్నవాడికి చెయ్యందదు. విడి సీట్లయితే మధ్యలోంచి వెళ్లొచ్చు. కదా వదినా?”

“నన్నడుగుతావేం? ఎక్కేవాళ్లకి నచ్చాలి గానీ,” అని మూతి తిప్పుకుంది కత్తెరత్త.

ఆరు సీట్ల బండ్లు రెండున్నాయి. ఒకదానికి మామూలు పైకప్పు, దానిమీద సామాన్ల క్యారియరు. రెండోదానికి పైన పెద్ద అద్దం.

“అద్దం వద్దు,” అన్నాడు తమ్ముడు. “వానొస్తే కారుతుంది. క్యారియరున్నదే నయం.”

“అద్దమే కావాలి. పైకి చూస్తుంటే బుడ్డోడికి తల తిరగదు. ఇప్పుడు నా ఒళ్లో వెల్లకిలా పడుకునేది అందుకే కదా.”

చెప్పుల జత కొనాలన్నా పెళ్లాంతో అరగంట వాదులాడే తమ్ముడు, సరేనని టైర్లు చూసే మిషతో బండి వెనక్కి వెళ్లిపోయాడు. ఆమె ఎలా ఆడిస్తే అలా ఆడుతున్నాడు అనుకుంది కత్తెరత్త. మరదలు కూడా మునుపటిలా లేదు. ఒకప్పుడు నోట్లో నాలుక లేనట్టుండేది, ఇప్పుడు అన్నీ తనే తేల్చేస్తోంది. సోకు కూడా ఎక్కువైంది. బీరువాలో బట్టలన్నీ తెచ్చి నడుము దగ్గర కుట్లు లోపలికి వేయించుకుంది.

ఈలోగా మరదలు పాత కారులోంచి బుడ్డోడి చిన్న సీటు తెప్పించి, బండి మధ్య వరసలో పెట్టించింది. దాని బెల్టు లాగి కత్తెరత్త చేతిలో పెట్టింది.

“మీరు బిగించండి వదినా.”

“నాకెందుకే ఇవన్నీ?”

“ఒక్కసారి. టక్కుమనేదాకా నొక్కండి. ఆఁ, ఇప్పుడు విప్పండి. మళ్లీ పెట్టండి. ఈసారి చూడకుండా.”

కత్తెరత్తకి ఒళ్లు మండిపోయింది. ఎక్కడానికి సీటు లేదు గానీ చాకిరీకి మాత్రం తను కావాలి. తన కుట్టుపని కొట్టు వెనక గదిలో మంచం పడుతుందా అని ఆలోచించింది. పడుతుంది. కానీ పొద్దున్నే జడలు వెయ్యమని మీదపడే కవలలు అక్కడుండరు. ‘అత్తా, కథ చెప్పవా’ అని కాళ్లకి చుట్టుకునే బుడ్డోడుండడు. ఆ ఇల్లు తప్ప తనకి లోకంలో ఇంకేమీ లేదని ఆ క్షణాన తెలిసొచ్చి, కళ్లలో నీళ్లు తిరిగాయి.

మరదలు అక్కడున్న ప్లాస్టిక్ కుర్చీలో కూలబడింది. “నేను అలిసిపోయాను. కాస్త మీరే ఆ ముందు సీట్లో కూర్చుని చూడండి వదినా.”

కత్తెరత్తకి ఏడుపొస్తే నోరు ఊరుకోదు.

“నేను చూడను. నీ సీటు నువ్వే చూసుకో. నాకు బస్సుంది. నేను బరువైతే మొహమ్మీదే చెప్పొచ్చుగా? ఇలా సీట్లు తగ్గించి చెప్పాలా?”

వ్యాపారి ఏదో పని గుర్తొచ్చినవాడిలా ఆఫీసులోకి జారుకున్నాడు. బండి వెనకనించి తమ్ముడు “అక్కా” అన్నాడు.

మరదలు మెల్లగా లేచి వచ్చింది. ఆవిడ చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ముందు సీట్లో కూర్చోబెట్టి, కింద మీట నొక్కి సీటు వెనక్కి జరిపింది.

“మోకాళ్లు తగలడం లేదుగా? ఇది మీ సీటే వదినా. సెలవుల్లో సముద్రం చూపిస్తామని పిల్లలకి మాటిచ్చాం. పక్కన మీరు లేకపోతే మీ తమ్ముడికి దారెవరు చెప్తారు?”

కత్తెరత్త సీటు తడిమి చూసుకుంది. తమ్ముడి పక్కన, అందరికంటే ముందు, కాళ్లు బారజాపుకునేంత చోటు. ఇంత మనసున్న పిల్లని ఎన్నెన్ని అనుకుంది! సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది. వెంటనే సంతోషం పొంగుకొచ్చింది. కళ్లు తుడుచుకుని, ఎప్పటి నోరు ఎప్పటిలా తెచ్చుకుంది.

“ముందు సీటు నాకిచ్చేస్తే మరి నువ్వెక్కడ కూర్చుంటావే? డిక్కీలోనా?”

మరదలు నవ్వబోయింది. నవ్వు రాక, బండి తలుపు పట్టుకుని నిలబడింది.

“సెలవులదాకా నేను బతకనన్నారు, వదినా.”